ప్లేట్లు తీశాక పాట

ఫిబ్రవరి 3

సూదీ,

మేం క్షేమంగా చేరామన్న కబురు మీ అన్నయ్య ఈపాటికి చేరవేసే ఉంటాడు. నేను రాస్తున్నది కోపంతో. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నేను రెండో వాక్యంలో ఉండగానే "మిషన్ మీద గుడ్డ ఉంది వదినా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ఈ పరాయి దేశంలో మీ అన్నయ్య మిషన్లు బిగించాల్సిన కార్ఖానా వాళ్ళు నిన్న మాకు విందు ఇచ్చారు. కార్డు మీద "సాంస్కృతిక సాయంకాలం, భోజనంతో సహా" అని ఉంది. ఆ "తో సహా" దగ్గరే నాకు అనుమానం వచ్చింది. దేనితో సహా ఏది? తీరా వెళ్తే పెద్ద హాలు, గుండ్రటి టేబుళ్ళు, మూలన మూడు మెట్ల ఎత్తు వేదిక. ముందు ఆరుగురు ఆడపిల్లలు రంగురంగుల పావడాలతో గిరగిరా తిరిగారు. వాళ్ళ నవ్వు చూసుంటే తెలిసేది, మేకులు కొట్టి బిగించినట్టుంది. తర్వాత ఒక నడివయసు ఆవిడ వచ్చి పాడింది. భాష నాకు ఒక్క ముక్క తెలీదు. అయినా ఆ గొంతు ఎక్కడో బావిలోంచి చేదతో పైకి తోడినట్టు వస్తోంది. సరిగ్గా ఆమె పైస్థాయి అందుకుంటున్నప్పుడు మా టేబుల్ దగ్గరి పెద్దమనిషి చెంచాతో గ్లాసు మీద టంగుటంగుమని కొట్టి, సూపు ఇంకాస్త పొయ్యమన్నాడు. సర్వరు పాటకి అడ్డం రాకూడదని నడుం వంచి, వేదిక ముందునుంచి దొంగలా వచ్చి పోశాడు. అంత పెద్ద హాల్లో ఆ పాటకి మర్యాద ఇచ్చినవాడు అతనొక్కడే!

నేను చేతిగుడ్డ తీసి నా ప్లేటు మీద కప్పేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. సర్వరు హడలిపోయి ఇంకో ప్లేటు తెచ్చాడు, బాగాలేదనుకున్నాడు పాపం. దాన్నీ కప్పాను. మీ అన్నయ్య టేబుల్ కింద నా కాలు తొక్కాడు. నేనూ తొక్కాను.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్ళో కొత్తగా కట్టిన ఆ పెద్ద హోటల్ వాళ్ళు, టూరిస్టులు భోంచేస్తూంటే రోజూ సాయంత్రం మన బృందాన్ని పాడమంటున్నారే, దానికి నేను బయల్దేరేముందు వద్దన్నాను. నిన్నటితో ఆ వద్దు ఇంకాస్త గట్టిపడింది. తాళం వేసిన మిల్లు గేటు ముందు నిలబడి పాడటానికి కట్టిన బృందం మనది. సైకిల్ షాపు మీది ఆ గదిలో కారే కప్పు కింద నిలబడి గొంతులు అరగదీసుకున్నది ఎవడి నోట్లోనో ముద్దకి తాళం వెయ్యడానికి కాదు. నేను వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

నీ మైకు వదిన


ఫిబ్రవరి 12

మైకు వదినకి,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను, రెండుసార్లు. మొదటిసారి తిట్లు, రెండోసారి సంగతులు.

ముందుగా, అక్కడి తిండి నీకు పడటం లేదని అర్థమైంది. రెండు ప్లేట్లు పక్కన పెట్టేశావంటే కడుపు ఎంత పాడై ఉంటుందో! అన్నయ్యకి చెప్పుకోలేక దాన్ని పాట మీదకి తోస్తున్నావు. నాకు తెలీదా నీ సంగతి? నాలుగు రోజులు అన్నం పల్చగా తిను. కోపం దానంతటదే తగ్గుతుంది.

హోటల్ మేనేజరు మన గదికి వచ్చాడు. కుర్చీలు చాలక రంగు డబ్బా మీద కూర్చోబెట్టాం. లేచేసరికి ప్యాంటు వెనకాల నీలం గుండ్రం. ఎవరూ చెప్పలేదు, అలాగే పంపించాం. మొత్తం ఆట చూశాడు. చాలా బాగుందన్నాడు. అంత బాగున్నదాన్ని ఇరవై నిమిషాలకి కుదించమన్నాడు. గేటు పాట తీసేసి, కోతల పాట పెట్టి, కాస్త నవ్వమన్నాడు. మన డోలక్ తాత "నాకు పళ్ళు లేవు బాబూ, నవ్వితే మీ హోటల్‌కే నష్టం" అన్నాడు.

వదినా, నాకు ఇష్టం. దాచడమెందుకు, రాసేస్తున్నాను. నా కళ్ళజోడు నెంబరు మళ్ళీ మారింది. మొన్న పెళ్ళి జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేశాను. సూదిలో దారం ఎక్కించమని పక్క మిషన్ అమ్మాయిని అడగాల్సొస్తోంది. సూదీ అని పేరుపెట్టినదానివి, ఆ సూదికి కన్ను కనపడకపోతే ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు. గొంతొక్కటే ఇంకా మాట వింటోంది. అది పాడైపోయేలోపు దానితోనే బతకాలని ఉంది. ఇన్నేళ్ళుగా పొద్దంతా కుట్టి, మిగిలిన ఊపిరితో పాడాను. ఒక్కసారైనా పూర్తి ఊపిరితో పాడి చూడాలని ఉంది.

అందుకని తిట్టడం అయ్యాక ఒక పని చెయ్యి. ఆ పాడే ఆవిడని కలిసి కనుక్కో. నెల జీతమా, పూట కూలీయా? సెలవుందా? గొంతు పట్టేసినరోజు ఏం చేస్తారు? పాటలు ఎవరు ఎంచుతారు? ఆ పావడాలకి అంచు చేత్తో కుట్టారా, మిషన్ మీదా? ఆఖరిది ఊరికే, నా సరదాకి.

మేనేజరు నెలాఖరుకి జవాబు కావాలన్నాడు.

సూది


ఫిబ్రవరి 14

సూదీ,

నీ జవాబు ఇంకా రాలేదు. నా కోపానికి అడ్రసు మారిందేమో.

ఇకనుంచి సాయంత్రాలు ఎలా గడపాలో నేనే నిర్ణయిస్తానని మీ అన్నయ్యకి చెప్పేశాను. మా హోటల్ కౌంటరు మీద రంగు కాగితాల దొంతర ఉంటుంది. పడవ మీద సంగీతం, ఒక్క గంటలో ఆరు దేశాల నాట్యాలు, షాండ్లియర్ల కింద ప్రేమకథ, అన్నీ అందులోనే. మీ అన్నయ్యకి ఆ ఆరు దేశాలది కావాలి. "ఒకే టికెట్టుకి ఆరు" అంటాడు, చీరల షాపులో నిలబడ్డట్టు.

నేను ఆ దొంతరంతా చదివాను. చదివితే ఎలా ఎంచుకోవాలో తెలిసిపోయింది. బొమ్మలో ఆడేవాళ్ళకన్నా కూరగాయలు పెద్దగా కనపడితే వెళ్ళకూడదు. ఆడేవాళ్ళలో ఒక్కరి నుదుటి మీదా చెమట లేకపోతే వెళ్ళకూడదు. "ప్రాచీన", "అమాయక" అన్న మాటలు రెండూ ఒకే వాక్యంలో ఉంటే ఆ కాగితాన్ని చింపి చెత్తబుట్టలో వేసి మరీ వెళ్ళకూడదు. తమని తాము అమాయకులమని ఏ మనిషైనా అచ్చు వేయించుకుంటాడా? అది రాసేది మేనేజరు. టికెట్టు కౌంటరు దగ్గర ఈ ఊరివాళ్ళే, చేతిలో సంచులతో, పిల్లల్ని లాక్కుంటూ నిలబడ్డారనుకో, కళ్ళు మూసుకుని ఆ వరసలో చేరిపోవడమే. అలా చేరి ఒక తోలుబొమ్మలాటకి వెళ్ళాం. నా ముందు కూర్చున్న ముసలావిడ బొమ్మని పేరుపెట్టి తిట్టింది, బొమ్మ కూడా ఆమెని తిట్టింది. అదీ ఆటంటే! ఇంకోరోజు ఒక నాటకానికి వెళ్ళాం. మూడు గంటలపాటు ఒకే గదిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే మాట్లాడుకున్నారు. మీ అన్నయ్య హాయిగా నిద్రపోయి, మన ఇంట్లో ఉన్నట్టే ఉందన్నాడు.

నిన్న ఒక్కదాన్నే బయల్దేరాను. మా వీధి చివర, బట్టలుతికే షాపు పక్కన, ఒక పాత భవనంలోకి జనం వెళ్తున్నారు. పని బట్టల్లోనే ఉన్నారు. ఒకాయన చేతికి ఇంకా సున్నం అంటుకుని ఉంది. టికెట్టూ లేదు, కాగితమూ లేదు. అసలైన చోటు దొరికిందనుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఒకావిడ లేచి ఒక పాట పాడింది. తర్వాత సున్నం ఆయన లేచి మళ్ళీ అదే పాడాడు. మూడో మనిషీ అదే. ఒకరు బాగా, ఒకరు ఘోరంగా. ఆహా, ఒకే పాటని పదిమంది శ్రామికుల నోట వినిపిస్తున్నారు, సొంత గొంతు అనేదాన్నే ప్రశ్నిస్తున్నారు, మనమూ ఇలా చెయ్యాలి అని లోపల వ్యాసం రాసేసుకుంటున్నాను. ప్రతివాళ్ళకీ చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొడుతున్నాను. నేను తప్ప ఎవరూ కొట్టడం లేదు. అప్పుడు అందరూ నావైపు తిరిగారు. వేదిక మీద ఉన్న ఆవిడ నన్ను వేలితో చూపించి, రమ్మంది.

అది ప్రదర్శన కాదే తల్లీ. ఆ పేట వాళ్ళ పాటల బృందానికి మనుషుల్ని ఎంచుకుంటున్నారు!

లేచి పారిపోదామంటే తలుపు దూరం. వెళ్ళి మన గేటు పాట ఎత్తుకున్నాను. "గేటు తెరువు, గేటు తెరువు, లోపల మా చెమట ఉంది." నా గొంతు సంగతి నీకు తెలుసు, చిల్లు పడ్డ డబ్బా. అయినా మొత్తం పాడాను. దించేసరికి సున్నం ఆయన చప్పట్లు కొట్టాడు. ఎంచుతున్న ఆవిడని అప్పుడు సరిగ్గా చూశాను. ఎవరనుకున్నావు? మొన్న సూపు మధ్యలో పాడిన ఆవిడే! ఆమె నన్ను చూసి నవ్వి, గాల్లో ప్లేటు పెట్టి దాని మీద గుడ్డ కప్పినట్టు అభినయం చేసింది. నేను నోరు తెరిచేలోపు తర్వాతివాళ్ళని పిలిచేసింది.

నన్ను తీసుకున్నారు. మంగళ, శుక్రవారాలు రిహార్సలు. మీ అన్నయ్య నవ్వి నవ్వి మంచం మీంచి పడ్డాడు.

మైకు వదిన


ఫిబ్రవరి 23

వదినా,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. గట్టిగా చదవమని మనవాళ్ళు అడిగితే చదివాను. బొమ్మని తిట్టిన ముసలమ్మ దగ్గర అందరూ నవ్వారు. ఆఖరి పేరా దగ్గరికి వచ్చేసరికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఏమిటిది? ఆ భోజనాల ఆవిడ బృందంలో నువ్వు చేరావా? నేను ఎక్కకూడని మూడు మెట్లు నువ్వెక్కావా? అదీ మన గేటు పాటతో? ఇక్కడ గేటు పాట సూపులో పడకూడదు, అక్కడ పడొచ్చు. విదేశీ సూపు గనక పవిత్రమా?

నేను అడిగినవాటికి ఒక్కదానికీ జవాబు లేదు. నా కళ్ళ సంగతి మాటవరసకైనా లేదు. నీ ఉత్తరం నిండా నువ్వే ఉన్నావు.

ఒక మాట రాస్తున్నాను, కోప్పడితే పడు. నీకు కరెంటాఫీసులో జీతం ఉంది. దాని మీద సిద్ధాంతం ఉంది. నాకు గొంతొక్కటే ఉంది. సిద్ధాంతాన్ని మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు, చెదలు పట్టదు. గొంతుని దాచుకునే బీరువా ఎక్కడైనా అమ్ముతుంటే చెప్పు, కొనుక్కుంటాను. కళ అమ్ముకోకూడదంటావు. నా చేతిపని రోజూ అమ్ముకుంటున్నానే! జాకెట్టు కుట్టి కూలీ తీసుకుంటే శ్రమ, పాట పాడి తీసుకుంటే పతనమా? ఇది నీ పుస్తకాల్లో ఎక్కడ రాసి ఉంది?

మీటింగు పెట్టాం. అందరూ చేతులెత్తారు. డోలక్ తాత ఎత్తలేదు. వ్యతిరేకమనుకుంటావేమో, ఆయనకి భుజం నొప్పి. నోటితో సరే అన్నాడు. మేనేజరు రాసిచ్చిన కాగితం మీద ఒకటో తారీఖున సంతకం పెడుతున్నాను. ఇరవై నిమిషాలు, గేటు పాట లేకుండా, నవ్వుతూ.

నువ్వు కట్టిన బృందమే. కానీ నువ్వు లేనప్పుడు కూడా అది బృందమే.

ఆడపడుచు


మార్చి 4

సూదీ,

"ఆడపడుచు" అని సంతకం పెట్టావంటే ఎంత మండిపోయావో తెలిసింది. ఇప్పుడు నా వంతు. నీళ్ళు తాగి కూర్చుని చదువు.

ముందు ఆ అపవాదు తుడుస్తాను. నేను చేరింది పేటవాళ్ళ బృందంలో. తాపీపనివాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, బస్సు డ్రైవర్లు పని దిగాక కలిసి పాడుకునే చోటు. అక్కడ తిండి లేదు, టికెట్టు లేదు, మంచినీళ్ళు కూడా ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ పాడే ఆవిడ సాయంత్రం హాల్లో కూలీకి పాడుతుంది, సెలవురోజుల్లో వీళ్ళకి నేర్పుతుంది. నేను సూపులో పడలేదు. నన్నెవరూ వేయరు కూడా, రుచి చెడిపోతుంది.

నీ కళ్ళ సంగతి రాయలేదంటావు. నీ ఉత్తరం దారిలో ఉండగా నా ఉత్తరం బయల్దేరింది, ఆకాశంలో ఎక్కడో రెండూ పలకరించుకోకుండా వెళ్ళిపోయాయి. నీది అందినరోజు నేను రిహార్సలుకి వెళ్ళలేదు. ఆ మర్నాడు నీ ప్రశ్నలన్నీ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమెదీ నాదీ వచ్చీరాని ఇంగ్లీషే, మిగతాది చేతులతో.

పూట కూలీ. వారానికి రెండురోజులు సెలవు, వాటికి డబ్బు లేదు. గొంతు పట్టేస్తే ఆ పూట పోయినట్టే. పాటలు మేనేజరు ఎంచుతాడు. అంచు మిషన్ మీదే, అదీ వంకర.

గుడ్డ సంగతి కూడా అడిగాను. అంత జనంలో నన్నెలా గుర్తుపట్టావన్నాను. ఏం చెప్పిందో విను. వేదిక మీద దీపాలు కళ్ళలో పడతాయి, మొహాలు కనపడవు, టేబుళ్ళ మీద ప్లేట్లు మాత్రం తెల్లగా మెరుస్తుంటాయిట. ఆమె రోజూ ప్లేట్లకే పాడుతుంది. ఆ రోజు వాటిలో ఒకటి ఆరిపోయింది. ఎవరో వింటున్నారని తెలిసిందిట. సర్వరు తిండి బాగాలేదనుకున్నాడు, నువ్వు నా కడుపు పాడైందన్నావు, మీ అన్నయ్య పిచ్చి అన్నాడు. సరిగ్గా చదివింది ఆమె ఒక్కతే. ఆ చదివినందుకే నా చిల్లు గొంతుని చేర్చుకుంది.

ఆ సర్వర్లని కూడా పిలిపించింది. పాట మధ్యలో వడ్డించడం వాళ్ళకీ నరకమేనట. చప్పుడైతే తిట్లు, ఆలస్యమైతే తిట్లు. పాడినంతసేపు వడ్డన ఆపితే పాడేవాళ్ళకి నిశ్శబ్దం, నిలబడేవాళ్ళకి కూర్చునే వీలు. ఈ ఇద్దరూ ఇన్నాళ్ళూ ఒకళ్ళకొకళ్ళు అడ్డమనుకున్నారు! అలా అనుకునేట్టు ఆ హాలు కట్టినవాడే కట్టాడు. ఇద్దరూ కలిసి వెళ్ళి అడిగారు. మేనేజరు ముందు గెంతులు వేశాడు. అందరూ ఒకే వరసలో నిలబడేసరికి దిగొచ్చాడు. శని, ఆదివారాలకి ఒప్పుకున్నాడు. మిగతా రోజులకి మళ్ళీ అడుగుతారు. మొన్న శనివారం వెళ్ళి విన్నాను. భోజనాలు అయ్యాయి, ప్లేట్లు తీశారు, దీపాలు తగ్గించారు, పాడింది. ఆమే, అదే పాట. అదే పాటని మాత్రం ఎవరూ అనలేరు.

ఇప్పుడు మన పోట్లాట. కళ అమ్ముకోకూడదని నేనెప్పుడూ అనలేదు. అన్నానని నువ్వు రాశావు. పాటని కూరలో నంజుకోకూడదన్నాను. ఆ మాట మీదే ఉన్నాను, ఒక్క అంగుళం కదలను. దానికి విరుగుడు, హోటల్‌ని వదిలేసి గదిలో కూర్చోవడం మాత్రం కాదని ఇప్పుడంటున్నాను. శ్రమకి కూలీ ఎలా అడుగుతామో వినికిడి కూడా అలాగే అడగాలి. అడగాల్సిన చోటు ఆ హోటలే, గొంతున్నదానివి నువ్వే. సంతకం పెట్టు. పెట్టేసి ఉంటే మంచిదే. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి సర్వర్లతో మాట్లాడు. భోజనం ముందు, పాట తర్వాత. గేటు పాట ఉండాలి. ఒక్కదానివి వెళ్ళి అడక్కు, అందరూ కలిసి వెళ్ళండి.

"నువ్వు లేనప్పుడు కూడా అది బృందమే" అన్నావు. ఆ వాక్యం చదివి కోపం వచ్చింది. తర్వాత గర్వం వచ్చింది. ఏది ముందో నీకు చెప్పను.

నీ మైకు వదిన (మైకు మాత్రం నాదే)


మార్చి 14

వదినా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సర్వర్లతో మాట్లాడమన్నావు. ఆలస్యం చేశావు, ఈపాటికి వాళ్ళు నన్ను "అక్కా" అంటున్నారు. వరసగా చెప్తాను.

ఈ నెల తొమ్మిదిన ఆట మొదలైంది. హాలు నువ్వు మొదటి ఉత్తరంలో రాసినట్టే ఉంది, వేదికకి మూడు మెట్లు కూడా. తెరవెనక, పాట మొదటి మాటేమిటో మర్చిపోయానన్నాను. డోలక్ తాత "కుట్టు పని అనుకో, ఒక టాకా తర్వాత ఒక టాకా" అన్నాడు. వెళ్ళాను. కోతల పాట ఎత్తుకున్నాను. దీపాలు కళ్ళలో కొట్టాయి. చెంచాల చప్పుడు, నవ్వులు, ఎవరో "ఇటు, ఇటు" అని సర్వరుని కేకేస్తున్నారు. నా గొంతు నాకే వినపడలేదు. పూర్తి ఊపిరితో పాడాలని ఇన్నేళ్ళు అనుకున్నానే, ఆ ఊపిరంతా వెళ్ళి ఎవరి సూపునో చల్లారుస్తోంది.

అప్పుడు నా కళ్ళు వెతికాయి వదినా. ఈ నెంబరు మారిన కళ్ళే. మొహాలు కనపడలేదు, ప్లేట్లు కనపడ్డాయి. ఎక్కడైనా ఒక్కటి, గుడ్డ కప్పింది, ఉందేమోనని ఈ చివరనుంచి ఆ చివరికి వెతికాను. లేదు. అప్పుడు అర్థమైంది, నీ కడుపుకి ఏమీ కాలేదని.

పాట ఆపేశాను. గేటు పాటలో వేసుకునే తువ్వాలు అలవాటుగా భుజం మీదే ఉండిపోయింది. మెట్లు దిగి, దగ్గర టేబుల్‌కి వెళ్ళి, అందరికన్నా గట్టిగా నములుతున్న ఒక పెద్దమనిషి ప్లేటు మీద ఆ తువ్వాలు కప్పేశాను. "చల్లారిపోదులెండి బాబుగారూ, పాట అయ్యాక తిందురుగాని" అన్నాను. హాలంతా చప్పుడు ఆగిపోయింది. మేనేజరు గోడకి అతుక్కుపోయాడు. ఆ పెద్దమనిషి భార్య ముందు నవ్వింది. నవ్వి, తన చేతిగుడ్డ తీసి తన ప్లేటు మీద కప్పుకుంది. పక్కావిడ కప్పింది. మళ్ళీ మెట్లెక్కి, ఒక్కో ప్లేటూ ఆరిపోవడం పైనుంచి చూశాను. మీ పాటగత్తె ఆవిడకి ఒక్కటే ఆరిందన్నావుగా, చెప్పు ఆమెకి.

గేటు పాట ఎత్తుకున్నాను. మొత్తం పాడాను. సర్వర్లు చేతిలో ట్రేలతో గోడ పొడుగునా నిలబడిపోయారు. వంటింటి తలుపు తెరుచుకుని, చేతులకి పిండితో వంటమనిషి కూడా వచ్చాడు.

మర్నాడు మేనేజరు పిలిచాడు. తీసేస్తాడనుకున్నాను. "ఆ తువ్వాలు కప్పే అంకం జనానికి తెగ నచ్చిందమ్మా, రోజూ చేస్తారా?" అన్నాడు. చూశావా, దాన్ని కూడా వడ్డించేద్దామనుకున్నాడు! "రోజూ చెయ్యను. భోజనం ముందు, పాట తర్వాత. గేటు పాట ఉంటుంది. కాగితం మార్చండి" అన్నాను. నా వెనకాల పెద్ద సర్వరు నిలబడి, "మా కాళ్ళక్కూడా ఆ అరగంట కావాలి సార్" అన్నాడు. అతన్ని నేను రమ్మనలేదు. నువ్వూ రమ్మనలేదు. మేనేజరు గడ్డం గోక్కుని, వారంపాటు చూద్దామన్నాడు. చూడనీ. వారం తర్వాత మేము ఎక్కడికీ పోము, అదే గదిలో ఉంటాం. తలుపు దగ్గర పెట్టే బోర్డు మాత్రం నేను రాయించాను: "భోజనం. తర్వాత, గేటు పాటతో సహా, ఆట."

షాపులో పని మానేస్తున్నానని చెప్పేశాను. మిషన్ పక్కమ్మాయికి ఇచ్చాను. సూది నేను ఉంచుకున్నాను, గుర్తుకి.

ఆ ఆడపిల్లల పావడాల అంచు వంకరగా ఉందన్నావు. కొలతలు పంపమను, ఇక్కడ కుట్టి పంపుతాం. ఆ సున్నం ఆయనకి నా నమస్కారం చెప్పు, నీ గొంతుకి చప్పట్లు కొట్టినందుకు. ధైర్యం కావాలి.

నువ్వు దిగిన సాయంత్రం తిన్నగా హోటల్‌కే రా. ముందు వరసలో చోటు ఉంచుతాను. దారిలో ఎక్కడైనా కడుపునిండా తినేసి రా. ఆకలితో వచ్చి, నా పాట మధ్యలో లేచి ఉపన్యాసం మొదలుపెట్టావంటే మాత్రం, ఈసారి గుడ్డ కప్పేది ప్లేటు మీద కాదు, మైకు మీద.

నీ సూది